మోటరు కాలితే వోల్టేజీ చూస్తం.. మనిషి కాలితే?

బండి మీదికెల్లి పడి చెయ్యి వాస్తే డాక్టరు మొదలు అనే మాట, "ఎక్స్‌రే తీయించుకొని రాపో." నెలలు నిండుతున్న చెల్లెకు స్కానింగ్. తలకు దెబ్బ తాకినోనికి సీటీ. నడుము పడిపోయిన పెద్దమనిషికి ఎంఆర్‌ఐ. ఇయ్యాల ఫొటో లేకుండ వైద్యం అడుగు ముందుకేయదు. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు ఊరంత యాది పెట్టుకుంటది. ఫొటో తీసిన మనిషి పేరు ఎవలకన్న తెలుసా? "ఊపిరి పీల్చు, పట్టి ఉంచు, ఇడువు" అన్న గొంతు తప్ప ఆ మనిషిది మనకేం యాదుండదు.

ఆ గొంతు అలిసిపోయింది. దాని గురించే ఈ ముచ్చట.

నేను డాక్టరును కాదు, ఏ డిప్లొమా లేదు. చానా ఏండ్ల సంది జనం ఎంట దవాఖానలకు తిరుగుతున్న కార్యకర్తను. యాక్సిడెంట్ కేసులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, వికలాంగుల సర్టిఫికెట్లు.. ఏ పని మీద పోయినా ఎక్స్‌రే రూము ముంగట గంటలకు గంటలు కూసునుడే. అట్ల కూసొని, లోపల పనిచేసేటోళ్లను అడిగి, రూల్సు తెచ్చుకొని చదివి తెలుసుకున్నదే మీకు చెప్తున్న. ఎందుకంటే మీల చానామంది ఇంటర్ అయినంక పారామెడికల్ దిక్కు పోతున్నరు. డీఎంఐటీ అని డిప్లొమా, లేకుంటే ఇమేజింగ్‌ల బీఎస్సీ. కాలేజీ పాంప్లెట్ల మీద "చదువు అయిపోంగనే జాబ్" అని పెద్దక్షరాలతోని ఉంటది. జాబ్‌ల చేరినంక ఏమైతదో అందుల ఉండదు.

బర్నౌట్ అంటే ఏంది?

బాయికాడ మోటరు కాలుడు మనకు తెల్వని సంగతి కాదు. లో వోల్టేజీల గుంజుతది. నీళ్లు అడుగంటినా ఉత్తగనే తిరుగుతది. ఒక ఫేజు పోయినా ఆగదు. వైండింగ్ వేడెక్కి వేడెక్కి ఓనాడు కమురు వాసనొస్తది. అప్పుడు రైతు ఏం చేస్తడు? "నీకు సత్తువ లేదు" అని మోటరును తిట్టడు. వోల్టేజీ చూస్తడు, ఫేజులు చూస్తడు, బోరుల నీళ్లెంతున్నయో చూస్తడు. అవి చూడకుండ వైండింగ్ కట్టించి మల్ల దింపితే మల్ల కాలుతది.

మనుషులకు కూడ గిట్లనే అయితది. దానికే బర్నౌట్ అని పేరు. 1974ల హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఉచిత క్లినిక్‌లల్ల పనిచేసేటోళ్లను చూసి ఈ ముచ్చట రాసిండు. 2019ల ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాను కొత్తగ రాసినప్పుడు దీన్ని కూడ అందుల చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లకొచ్చింది. అయితే ఒక మాట గట్టిగ చెప్పింది: ఇది జబ్బు కాదు, పనికాడ పుట్టే పరిస్థితి. పని ఒత్తిడిని సరిగ్గ సంభాళించకపోతే వచ్చేది.

గుర్తులు మూడు. ఒకటి, సత్తువ మొత్తం పీల్చేసినట్టు అయితది, పండుకొని లేసినా అలసట పోదు. రెండు, పని మీద మనసు ఇరుగుతది. ఎదుటి మనిషి బాధ బాధ లెక్క కొట్టది, "ఇంకో చెయ్యి, ఇంకో కాలు" అన్నట్టు అయితది. మూడు, "నేను చేసేది ఏం పనికొస్తది" అనిపిస్తది. ఒక్కరోజు అలసిపోయినోడు పండుకుంటే తేరుకుంటడు. బర్నౌట్ అయినోనికి సెలవు రోజు కూడ రేపటి డ్యూటీ భయమే ఉంటది.

ఈ గదిల్నే ఎందుకు ఎక్కువ?

నర్సుకు కష్టం లేదా, కూలికి లేదా అంటరు. ఉన్నది. కాని ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ గదులల్ల కష్టానికి దాని సొంత తీరు ఉన్నది.

మొదటిది, దవాఖాన మొత్తం పోయి పోయి ఆ ఒక్క గది ముంగటనే ఇరుక్కుంటది. ఎముకల ఓపీ నుంచి వచ్చినోళ్లు, ఎమర్జెన్సీ నుంచి స్ట్రెచర్ మీద వచ్చినోళ్లు, వార్డులకెల్లి వీల్‌చైర్ల మీద వచ్చినోళ్లు, అందరు ఒకే తలుపు కాడ. డాక్టర్లు పది మంది రాస్తరు, లోపల తీసేటోడు ఒక్కడు. పేరు రాసుకునేది వాడే, మనిషిని టేబుల్ మీదికి ఎత్తేది వాడే, కాలు సరిగ్గ తిప్పి పెట్టేది వాడే, బటన్ ఒత్తేది వాడే, ఫొటో కంప్యూటర్ల పంపేది వాడే. లోపలినుంచి వస్తే బయట లైన్ల ఉన్నోళ్లు "ఇంకెంత సేపు" అని మీదికొస్తరు. మిషిన్ చెడిపోయినా తిట్లు తినేది వాడే.

మిషిన్ సంగతే చూడున్రి. ఎక్స్‌రే, సీటీ మిషిన్లల్ల కిరణాలు పుట్టించే ట్యూబు ఉంటది. అది మస్తు వేడెక్కుతది. హద్దు దాటితే మిషిన్ తనంతట తానే ఆగి, చల్లబడేదాక పనిచెయ్యనంటది. ఎవ్వరు కోపం చెయ్యరు. "ట్యూబు కూల్ కావాలె, జర ఆగున్రి" అంటే జనం కూడ ఆగుతరు. అదే మాట మనిషి అంటే, "నాకు పది నిమిషాలు కావాలె, అన్నం తినాలె" అంటే, ఫోన్ తీసి వీడియో తీసుడే.

రెండోది ఒళ్లు. సీసం ఆప్రాన్ కిలోల కొద్ది బరువు. నడవరాని మనుషులను రోజుకు ఎన్నిసార్లు ఎత్తి పండబెట్టాలెనో లెక్కలేదు. నడుము, మెడ పోతయి. స్కానింగ్ చేసే డాక్టర్లకు చెయ్యి ఒకే తీరుగ చాచి ప్రోబ్ ఒత్తి ఒత్తి భుజం నొప్పి పడుతది. రిపోర్టు రాసే రేడియాలజిస్టు చీకటి గదిల తెర ముంగట పొద్దంత కూసుంటడు. ఇప్పుడైతే ఫొటోలు నెట్‌ల వస్తయి కాబట్టి ఎక్కడో జిల్లాల తీసిన సీటీని పట్నంల అర్ధరాత్రి చదువుతున్నరు. రిపోర్టుకు ఇంత అని పైసలు లెక్కకడితే, చదివే చెయ్యి ఆగదు, కన్ను ఆగదు.

మూడోది మనసు. దీని గురించి ఎవ్వరు మాట్లాడరు. జబ్బును మొదలు చూసేది డాక్టరు కాదు, టెక్నీషియన్. ఏండ్ల అనుభవం ఉన్న మనిషికి తెర మీద గడ్డ కనబడంగనే ఎరుకైతది. టేబుల్ మీద ఉన్నామె లేసి చీర సరిజేసుకుంట "ఏం లేదు గద అన్నా?" అని అడుగుతది. రిపోర్టు చెప్పే అధికారం వానికి లేదు, ఉండొద్దు కూడ. "సార్ చెప్తడమ్మా" అని మొఖం మారకుండ చెప్పాలె. ఆమె బయటికి పోతది, తలుపు తెరుసుకొని ఇంకొకరు వస్తరు. ఒకాయన నాతోని అన్నడు, "ఫొటో తీసుడు అలసట కాదన్నా, మొఖం దాసుకునుడు అలసట." ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల ఉన్నది.

నాలుగోది కొలువు. ఏజెన్సీ కింద కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. జీతం ఏ తారీకున పడుతదో తెల్వదు. పక్క సీట్ల పర్మినెంట్ ఉద్యోగి ఉంటడు, పని ఒకటే, జీతం ఒకటి కాదు. ప్రైవేటు సెంటర్లల్ల అయితే చేరేటప్పుడు కాగితమే ఇయ్యరు. 2021ల కరోనా రెండో అలల సీటీ సెంటర్ల ముంగట జనం రాత్రిదాక లైన్ కట్టిన్రు, యాదుందా? ఆ లైన్ చివర ఉన్న మనిషి కూడ మాస్కు పెట్టుకొని, భయపడుకుంటనే, ఒక్కొక్కరిని లోపలికి తీసుకున్నడు. వాళ్లకు చప్పట్లల్ల కూడ వాటా రాలే.

కొలిచేది ఒకటి, కొలవనిది ఒకటి

ఇప్పుడు రేడియేషన్ ముచ్చట. ఊర్లె అడిగితే "ఆ పని చేస్తే పిల్లలు పుట్టరట, క్యాన్సర్ వస్తదట" అంటరు. భయం ఉత్తగ రాలేదు. 1895 నవంబర్ 8న జర్మనీల రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టిండు. తొలినాళ్లల్ల ఆ కిరణాల గుణం తెల్వక పనిచేసిన డాక్టర్లు, టెక్నీషియన్లు వేళ్లు, చేతులు, ఆఖరికి పానాలు పోగొట్టుకున్నరు. వాళ్ల యాదిల 1936ల హాంబర్గ్ పట్నంల రాతి స్తూపం నిలబెట్టిన్రు. మొదట దాని మీద 169 పేర్లు చెక్కిన్రు. ఇప్పుడున్న రూల్సు వాళ్ల చావులకెల్లి వచ్చినయి.

మన దేశంల 1983ల పెట్టిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, ఈ లెక్క చూస్తది. రేడియేషన్ పనిచేసే మనిషికి ఐదేండ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటొద్దు, ఏ ఒక్క ఏడాదైనా 30 దాటొద్దు. అది కొలిచేందుకు టీఎల్‌డీ అనే బ్యాడ్జి ఇస్తరు. ఆప్రాన్ లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలె. మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పంపితే ఎంత డోసు తాకిందో లెక్క వస్తది. రూల్సు ప్రకారం నడిచే గదిల ఈ హద్దు దాకా పోవుడు అరుదు. ఇంకో సంగతి, బటన్ ఒత్తినప్పుడే ఎక్స్‌రే పుడుతది. మిషిన్ ఆగినంక గదిల ఏం మిగలదు. అల్ట్రాసౌండ్‌ల, ఎంఆర్‌ఐల ఈ రేడియేషనే ఉండదు.

మరి భయం ఎందుకు పోతలేదు? లెక్క చూపెట్టకపోవుడు తోని. కొన్ని సెంటర్లల్ల బ్యాడ్జిలు తనిఖీ నాడు తప్ప మేనేజర్ డ్రాయర్లకెల్లి బయటికి రావు. రిపోర్టు వస్తే ఫైల్‌ల పోతది, పనిచేసేటోనికి చూపెట్టరు. తెల్వని దానికి భయపడుకుంట రోజు పనిచేసుడు ఎట్లుంటదో ఆలోచించున్రి. ఆ భయం కూడ మనిషిని కాలుస్తది.

ఇగ అసలు మాట. రేడియేషన్‌కు బ్యాడ్జి ఉన్నది, హద్దు ఉన్నది, దాటితే అడిగేటోడు ఉన్నడు. అలసటకు బ్యాడ్జి లేదు. వరుసగ ఎన్ని నైట్ డ్యూటీలు చేసిండు, ఒక్కని మీద ఎంతమంది పేషెంట్లు పడ్డరు, ఎన్ని వారాల సంది వారపు సెలవు లేదు అని ఎవరు రాస్తున్నరు? హాంబర్గ్ రాయి మీద పేర్లు చెక్కినంక గద రేడియేషన్‌ను కొలుసుడు నేర్చుకున్నరు. అలసటను కొలిచేందుకు కూడ గంతమంది పోవాల్నా?

నష్టం మనకే

ఇది వాళ్ల బాధ, మనకేంది అనుకోవద్దు. అలసిన చెయ్యి కుడికాలు ఫొటో మీద ఎడమ గుర్తు పెడుతది. ఒకే పేరున్న ఇద్దరి ఫొటోలు తారుమారైతయి. మనిషిని సరిగ్గ పండబెట్టక ఫొటో చెడితే మల్ల తీయాలె, మన ఒంటికి మల్లొక డోసు. 2010ల అమెరికాల అచ్చయిన ఒక పరిశోధన రేడియాలజిస్టులను పని మొదలుపెట్టకముందు ఒకసారి, రోజంత పని అయినంక ఒకసారి పరీక్షించింది. సాయంత్రానికి కన్ను సరిగ్గ ఫోకస్ అయితలేదు, ఎముక విరుగుడు గుర్తువట్టుడు తగ్గింది. వాళ్లు పనిమంతులే. కన్ను అలసింది, గంతే. ఆ దొరకని విరుగుడు ఎవని చేతిది? నీదో, నాదో.

ఎంఆర్‌ఐ గదిల అయితే ఆదమరుపుకు జాగనే లేదు. ఆ అయస్కాంతం ఇరవైనాలుగు గంటలు ఆన్‌లనే ఉంటది, స్కాన్ నడవకున్నా సరే. 2018 జనవరిల ముంబై సర్కారు దవాఖానల ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని లోపలికి పోయిన ఒక యువకుడు, పేషెంటుకు తోడు వచ్చినోడు, మిషిన్ గుంజుకొని చనిపోయిండు. ఆ ఘటనకు అలసటే కారణమని నేననను. తలుపు కాడ తెలివితోని నిలబడే మనిషి ఎంత అవసరమో చెప్పేందుకు అది చాలు.

"యోగా చేయున్రి" అంటే సరిపోదు

ఈ మధ్య కార్పొరేట్ దవాఖానలల్ల వెల్‌నెస్ క్లాసులు పెడుతున్నరు. పొద్దుగాల ధ్యానం, సాయంత్రం మోటివేషన్ స్పీచ్. యోగా చెడ్డదని నేననను. కాని డబుల్ డ్యూటీ వేసి, మధ్యల అరగంట ధ్యానం చేయమనుడు, నీళ్లు లేని బోరుల మోటరుకు గ్రీజు పెట్టినట్టే ఉంటది.

చేయాల్సినయి వేరే ఉన్నయి. రద్దీ గంటలల్ల ఒక్కడు కాదు, ఇద్దరు ఉండాలె, ఒకరు పేషెంటును చూసుకోవాలె, ఒకరు మిషిన్‌ను. పేషెంట్లను ఎత్తేందుకు ఒక అటెండర్. వారపు సెలవు కాగితం మీద కాదు, నిజంగ. నైట్ చేసినోనికి తెల్లారి మల్ల డ్యూటీ వేయొద్దు. ఒకే మిషిన్ కాడ నెలలకు నెలలు కట్టేయకుండ మార్చాలె. డోసు రిపోర్టు గోడకు పెట్టాలె. జీతం తారీకుకు పడాలె. రాత్రి డ్యూటీల ఆడోళ్లకు గడియ ఉన్న రెస్ట్ రూము, బయట సెక్యూరిటీ ఉండాలె. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ దవాఖానల, డ్యూటీ నడుమ సెమినార్ హాల్‌ల నడుము వాల్చిన జూనియర్ డాక్టరును చెరిచి చంపినంక దేశమంత రోడ్డెక్కింది. సుప్రీంకోర్టు టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆమె ఇమేజింగ్ మనిషి కాదు. కాని పనిచేసేకాడ పండుకునేందుకు జాగ లేకపోవుడు ఎంత దూరం పోతదో ఆమె చావు చెప్పింది.

"మనుషులు దొరకరు, పేషెంట్లు ఆగరు" అని మేనేజ్‌మెంట్ అంటది. పేషెంట్లు ఆగరన్నది నిజమే. చేతుల విరిగిన ఎముక పెట్టుకొని ఎవడాగుతడు? కాని లైన్‌ల ఉన్న అందరూ ఎమర్జెన్సీ కాదు. ఎమర్జెన్సీకి వేరే లైన్, మిగిలినోళ్లకు టైమ్ స్లిప్ ఇస్తే సగం లొల్లి తగ్గుతది. ఇంకొకటి, రాసిన ప్రతి స్కానూ అవసరమైందేనా? రాసినోనికి సెంటర్ నుంచి కమీషన్ ముట్టే దందా ఉన్నదని ఊర్లె అందరికి ఎరుకే. అవసరం లేని స్కాన్ పేదోని జేబు కోస్తది, టెక్నీషియన్ నడుము కూడ ఇరగ్గొడుతది. ఇద్దరి బాధకు మూలం ఒక్కటే ఉన్నకాడ ఇద్దరు కలిసి అడగాలె గద.

తమ్ముళ్లు, చెల్లెళ్లు.. గివి యాది పెట్టుకోన్రి

పని మంచిది. మనిషి పానం కాపాడే పని. పోవద్దని నేను చెప్తలేను, తెలుసుకొని పోన్రి అంటున్న.

కోర్సుల చేరేముందు కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదా, ప్రాక్టికల్స్ ఏ దవాఖానల అని అడుగున్రి. జాబ్‌ల చేరేటప్పుడు నియామక పత్రం అడుగున్రి. బ్యాడ్జి మీ పేరు మీద ఉండాలె, ఇంకొకరిది పెట్టుకోవద్దు, మీది ఇయ్యొద్దు. రేడియేషన్ పనిల చేరినోనికి ఒక నంబర్ ఇస్తరు, దవాఖాన మారినా అదే నంబర్ మీద మీ డోసు లెక్క నడుస్తది. దాన్ని ఆధార్ నంబర్ లెక్క దాసుకోన్రి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం మీ డోసు రికార్డు ఉంచే బాధ్యత యజమానిది, చూసే హక్కు మీది. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఎవరో మొదటి వారమే తెలుసుకోన్రి.

చెల్లెళ్లు, కడుపుతోని ఉన్నమని తెలియంగనే రాతపూర్వకంగ చెప్పున్రి. అప్పటినుంచి కడుపుల బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండ పని మార్చాలె. పని మార్చాలెనంటే ఉద్యోగంలకెల్లి తీసెయ్యాలెనని కాదు.

2021ల పార్లమెంటు అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఇమేజింగ్ వృత్తి అందుల ఉన్నది. డాక్టర్లకు, నర్సులకు కౌన్సిల్ ఉన్నట్టు ఈ వృత్తులకు కూడ ఒక గుర్తింపు, రిజిస్ట్రేషన్ రావాలెనన్నది దాని ఉద్దేశం. చట్టం కాగితం మీద ఉంటే పనికిరాదు, సంఘంల కలిసి అడిగితేనే కదులుతది.

నిద్ర పడుతలేదు, పేషెంటును చూస్తేనే చిరాకొస్తున్నది, డ్యూటీ టైమ్ అయితుంటే గుండె దడదడ అంటున్నది అనుకుంటే దాసుకోవద్దు. తోటోళ్లకు చెప్పున్రి. సర్కారు టెలీమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయున్రి, పైసలు కావు, రాత్రి పగలు పలుకుతరు. అయితే ఫోన్ చేసి మందు తీసుకుంటే మీ డ్యూటీ చార్టు మారదు. అది మార్పిచ్చుడు వేరే కొట్లాట, అది ఒక్కని వల్ల కాదు.

రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టిన నవంబర్ 8నే యేటా రేడియోగ్రఫీ దినం చేస్తరు. దవాఖానలల్ల కేకు కోస్తరు, ఫొటోలు దిగుతరు. ఈసారి కేకు కోసేముందు టెక్నీషియన్లు అందరు కలిసి సూపరింటెండెంట్‌ను రెండు కాగితాలు అడుగున్రి: పోయిన ఏడాది అందరి డోసు రిపోర్టు ఒకటి, పోయిన మూడు నెలల డ్యూటీ చార్టు ఒకటి. రెండూ పక్కపక్కన గోడకు అంటించమనున్రి. బయట లైన్ల కూసున్న మనం కూడ చదువుదం, ఎవలు ఎన్ని రాత్రులు మేల్కొన్నరో.